కాలవ అడుగున మంచుయుగం

భూమికి పునాదులు వేసి, నీళ్లకు హద్దులు గీసి, మంటితో మనిషిని చేసి, వాడి ముక్కుపుటాల్లో తన ఊపిరి ఊదిన దేవునికి స్తోత్రం. ఎండనిచ్చినవాడికి, వాననిచ్చినవాడికి, నేను పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చూడని మంచుకొండల్ని కూడా ఎక్కడో దాచి ఉంచినవాడికి స్తోత్రం. జన్మంతా సుద్దముక్క పట్టుకుని బతికిన ఈ చేతికి ఈ వయసులో కలం పట్టే ఓపిక ఇచ్చాడు. ఇందులో నా గొప్పేమీ లేదు. ఆయన నా కళ్లముందు జరిగించిన ఒక సంగతి ఉంది. అది చెప్పకుండా పోవడం నాకిష్టం లేదు.

ఇప్పుడు బళ్లలో పాఠాలు చెబుతున్న మన సంఘం పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి అడుగుతుంటారు. "మేష్టారూ, వారమంతా బళ్లో సైన్సు, ఆదివారం గుళ్లో వాక్యం. రెండూ అవే పిల్లలకి ఎలా చెప్పేవారండీ మీ రోజుల్లో?" అని. దానికి జవాబు చెప్పేంత పాండిత్యం నాకు లేదు. మా బళ్లో ఒక ఎండాకాలం ఏం జరిగిందో మాత్రం చెప్పగలను.

యాభైల చివరి సంవత్సరాలవి. బందరుకు కాస్త ఎడంగా, కాలవగట్టు పక్కనే ఒక చిన్న మిషను హైస్కూలు. అందులో నేను సోషలు మేష్టారిని. ఆదివారాలు సండే స్కూలు సూపరింటెండెంటుని. రెండు చోట్లా పిల్లలు వాళ్లే. బెత్తం మాత్రం ఆదివారం ఇంట్లో పెట్టి వచ్చేవాణ్ణి.

ఆ ఏడు సైన్సు చెప్పడానికి ఒక అమ్మాయి కొత్తగా చేరింది. ఘంటసాల దగ్గర ఒక పల్లె వాళ్లది. తండ్రి ఊరూరా కాలినడకన తిరిగి సువార్త చెప్పిన మనిషి, అప్పటికే ప్రభువులో నిద్రించాడు. తల్లి, ఇద్దరు చెల్లెళ్లు ఈమె ఉద్యోగం మీదే ఆధారపడి ఉన్నారు. మొదటి ఏడు పని చూసి, ఎండాకాలం సెలవులిచ్చే ముందు స్కూలు కమిటీ కూర్చుని, ఉంచాలా పంపాలా అని నిర్ణయించేది. ఉంచితే పర్మనెంటు. పంపితే జూన్ నుంచి ఆమెకు దారి లేదు.

ఆ కమిటీకి పెద్ద ఎవరయ్యా అంటే మా మావయ్యగారు. నాకు పిల్లనిచ్చిన మామగారు. కాలవల డిపార్టుమెంటులో లస్కరుగా, అంటే గట్టు కాపలా బంట్రోతుగా చేరి, లాకు సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. పడవలు పై నీటిమట్టానికి ఎక్కడానికీ, కింది మట్టానికి దిగడానికీ లాకు తలుపులు తెరిపించడం, మూయించడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక గుళ్లో కూడా అదే చేస్తున్నాడని మా ఆవిడ ఎగతాళి చేసేది. ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అని.

గొడవ పిల్లల ఆదివారం నాడు మొదలైంది. ఏడాదికొకసారి సండే స్కూలు పిల్లల్ని వరుసగా నిలబెట్టి, సంఘమంతా వింటుండగా వాక్యంలోంచి ప్రశ్నలడగడం మా ఆచారం. అడిగేది నేను. తల్లులు ముందురోజే పిల్లలకి తలంటి, జవాబులు బట్టీ వేయించి పంపేవారు. ఆ రోజు నేను అందరికంటే తేలికైన ప్రశ్నతో మొదలుపెట్టాను.

"మొట్టమొదటి మనుషులు ఎక్కడ ఉండేవారు?"

దేవుడు నాటిన తోటలో అనాలి. మా థర్డ్ ఫారం పిల్ల, ఇప్పటి లెక్కలో ఎనిమిదో తరగతి, చెయ్యెత్తి గుడి కప్పు ఎగిరిపోయేలా చెప్పింది.

"గుహలోనండీ!"

ఆడవాళ్ల వైపు నుంచి కిలకిల. నేను సర్దుదామని, "సరే, వాళ్లు కట్టుకోడానికి ఏముండేది?" అన్నాను. ఆకులు అంటుందని నా ఆశ.

"ఎలుగుబంటి తోలండీ! చలి కదండీ మరి!"

ఈసారి గుడంతా నవ్వింది. పాస్టరుగారు కూడా కీర్తనల పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. ముందు బెంచీలో మా మావయ్యగారు ఒక్కరే నవ్వలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కంచం ముందు కూర్చుని చెయ్యి కడుక్కోకుండానే మొదలుపెట్టారు.

"ఏమయ్యా అల్లుడూ, గుహ ఎక్కడిది?"

"బళ్లో చెప్పిన పాఠం అండి. ఆది మానవుడి పాఠం. మంచుయుగం."

"ఎవరు చెప్పింది?"

"కొత్తగా వచ్చిన సైన్సు టీచరమ్మ."

"ఆ సువార్తికుడి కూతురా? ఆయన ఎంత భక్తిపరుడు! కోతి నుంచి పుట్టామని చెబుతోందా ఆ అమ్మాయి?"

"నేను వినలేదండి."

"అయితే పోయి విను. కమిటీ కూర్చునే లోపల నాకు చెప్పు. మన పిల్లల్ని మన బడికి పంపేది విశ్వాసం పోగొట్టుకోడానికి కాదు."

మా ఆవిడ చారు వడ్డిస్తూ, "నాన్నా, తోటలోంచి పంపించేటప్పుడు దేవుడే తోలు చొక్కాలు కుట్టి తొడిగాడు గదా. పిల్ల తప్పేమంది?" అంది. ఆయన చారు ఉప్పగా ఉందన్నారు.

నిజం చెప్పాలంటే నాకూ లోపల కలతగానే ఉంది. రాజులు, యుద్ధాలు, తారీకులు చెప్పుకునేవాణ్ణి. వాటన్నిటికంటే ముందు అన్ని వేల ఏళ్లు, రాజు లేడు, ఊరు లేదు, నాగలి లేదు, ఊరికే మనుషులు నడిచారంటే ఆ కాలాన్ని నా వాక్యంలో ఎక్కడ సర్దుకోవాలో తెలియలేదు. దేవునికి వెయ్యేళ్లు ఒక దినంలాంటివని చదువుకున్నవాణ్ణే. అయినా ఆ లెక్క నాకు అప్పుడూ కుదరలేదు, ఇప్పుడూ కుదిరిందని చెప్పను. ఆయన దగ్గరికి వెళ్లాక అడిగి తెలుసుకోవాల్సినవాటిలో అదొకటి.

మర్నాడు ఆమెనే అడిగాను, "అమ్మా, మీ పాఠం ఒకసారి వెనక బెంచీలో కూర్చుని వినవచ్చా?" అని. ఆమెకు సంగతి తెలిసిపోయింది. చిన్న బళ్లో ఏదీ దాగదు. అయినా, "రండి మేష్టారూ. రేపు రండి. రేపు మంచు వస్తుంది" అంది.

మంచు వచ్చింది, రిక్షాలో. చేపలు ఎగుమతి చేసేవాళ్ల కోసం బందరులో ఉన్న ఐసు ఫ్యాక్టరీ నుంచి ఒక దిమ్మ, గోనెలో చుట్టి, ఊక కప్పి. మన పిల్లలు ఐసనేది చూసింది చేపల బుట్టల్లోనే. దిమ్మ వరండాలో దించేసరికి బడంతా నీచువాసన. హెడ్మాస్టరుగారు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చారు.

"మంచుయుగంలో ఇంత కంపు ఉండేదా అమ్మా?"

"ఇంతకంటే ఎక్కువే ఉండుంటుందండి. అప్పట్లో స్నానాలెక్కడివి?"

"సరే సరే. దాన్ని మాత్రం ఎవరూ నాకకుండా చూడు."

అప్పటికే సగం క్లాసు నాకేసింది.

ఒక పెద్ద ఇనప తొట్టి పెట్టించింది. కాలవగట్టు బంకమన్నుతో అందులో అటొక దిబ్బ, ఇటొక దిబ్బ, మధ్యలో రెండిటినీ కలిపే సన్నటి దారి. అడుగున కాసిని నీళ్లు. ఒక మూల ఇటుకలు పేర్చి, నీళ్లకి పైన ఐసు దిమ్మ ఎక్కించింది. పిల్లలు ముందురోజే మట్టితో మనుషుల్ని, జంతువుల్ని చేసి ఎండబెట్టుకొచ్చారు. ఆ కాలంలో ఒళ్లంతా బొచ్చుతో, వంపు తిరిగిన దంతాలతో కొండంత ఏనుగులుండేవని ఆమె చెప్పిందట. మా పిల్లలు ఏనుగుని చూసిందెక్కడ? వాళ్లకి తెలిసిన పెద్ద జంతువు గేదె. అందుకని ఒక మందెడు గేదెలు చేసి, వాటికి దూది అంటించి, కొబ్బరి ఈనెలు దంతాలుగా గుచ్చారు. ఇప్పటికీ మంచుయుగం అంటే నాకు ఆ దూది గేదెలే కళ్లముందు మెదులుతాయి.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నెమ్మదైన గొంతు. చలి పెరిగిందట. సముద్రంలోంచి లేచిన నీరు ఉత్తరాన మంచై కురిసిందట. కురిసింది కరగలేదు, తిరిగి సముద్రానికి రాలేదు. దాని మీద ఇంకో మంచు, దాని మీద ఇంకోటి. కొండలంత ఎత్తున పేరుకుంది. అక్కడ పేరుకున్న కొద్దీ ఇక్కడ సముద్రం తగ్గింది.

"మన బందరు సముద్రం కూడానాండీ?"

"మనది కూడా. ఇప్పుడు మీ నాన్నలు పడవలేసుకుని వలలు వేసే చోట అప్పుడు నేల ఉండేది. దాని మీద మనుషులు నడిచారు."

క్లాసులో సగంమంది బెస్తల పిల్లలు. ఆ మాటకి అందరూ సముద్రం ఉన్న దిక్కుకి తిరిగారు. నేనూ తిరిగాను.

తొట్టిలో నీళ్లు తక్కువగా ఉన్నాయి గనక మట్టిదారి బయటికి కనబడుతోంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తమ బొమ్మని గేదెల వెంట ఆ దారిన నడిపించి అవతలి దిబ్బ మీద పెట్టారు. కొందరు ఇవతలే ఉంచుకున్నారు. అది ఎండాకాలం, ఒంటిపూట బడి. ఐసు చూస్తుండగానే కరిగి తొట్టిలోకి కారడం మొదలుపెట్టింది. నీళ్లు మెల్లగా పైకొచ్చి మట్టిదారిని ముంచేశాయి. ఒక పిల్ల లేచి నిలబడింది.

"టీచరుగారండీ! మా అమ్మ బొమ్మ అవతల ఉండిపోయిందండీ! నేను ఇవతలున్నానండీ!"

ఎవరూ నవ్వలేదు.

"అలాగే జరిగింది తల్లీ," అంది ఆమె. "వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయారు. తిరిగొచ్చే దారి మునిగిపోయింది. కొన్నాళ్లకి ఇటువాళ్లు అటువాళ్లని మరిచిపోయారు. భాష మారింది, రంగు మారింది. కానీ అందరూ ఒక తల్లి బిడ్డలే."

దేవుడు ఒక్క రక్తం నుంచి సకల జనాలనూ చేశాడని మేము ప్రతి ఆదివారం చెప్పేది ఇదే గదా అనిపించింది నాకు. ఆ సాయంత్రం ప్రార్థనకి మోకాళ్లూనితే చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

మావయ్యగారికి ఇదంతా చెప్పాను. కంచం ముందే. ఆయనకి కంచం ముందు తప్ప సంభాషణ నడవదు.

"కోతి మాటేమైనా వచ్చిందా?"

"రాలేదండి."

"ఎన్నేళ్లంది?"

"చాలా వేలండి."

"ఎన్ని వేలు?"

"అడగలేదండి."

"అదే అడగాల్సింది! నిన్ను పంపింది ఐసు చూసి రమ్మనా?"

మా ఆవిడ, "నాన్నకి ఓ ముక్క తెచ్చి చూపిస్తే బాగుండేది" అంది. నాకు చిర్రెత్తుకొచ్చి, "మావయ్యగారూ, ఈ వారం కాలవ కట్టేస్తున్నారు గదా, ఆ అమ్మాయి పిల్లల్ని కాలవలోకి దింపి మిగతా పాఠం చెబుతుందట. మీరే వచ్చి వినండి" అన్నాను.

"కాలవలోకా? ఎవర్నడిగి? కాలవ డిపార్టుమెంటుది!"

ఏళ్ల లెక్క మీద రానంత కోపం ఆయనకి కాలవ మీద వచ్చింది.

మా డెల్టావాళ్లకి చెప్పనక్కర్లేదు గాని, బయటి ప్రాంతాలవాళ్ల కోసం చెబుతాను. ఎండలు ముదిరేసరికి పైన బెజవాడ దగ్గర తలుపులు దించి, మరమ్మతుల కోసం కాలవలకి నీళ్లు ఆపేస్తారు. దాన్నే కాలవ కట్టేయడం అంటాం. నాలుగు రోజుల్లో అడుగు బయటపడుతుంది. పడవలు బురదలో పక్కకి ఒరిగి పడుకుంటాయి. వంతెన దాకా చుట్టూ తిరిగి వెళ్లాల్సిన అవతలి ఒడ్డు పక్కింటి వాకిలంత దగ్గరైపోతుంది. గట్టున నిలబడి అరుచుకునే ఆడవాళ్లు నేరుగా దాటివెళ్లి కూరలు ఇచ్చిపుచ్చుకుంటారు. జూన్లో నీళ్లు వదిలితే మళ్లీ ఎవరి ఒడ్డు వాళ్లది.

ఆమె ఆ సంగతి చూసే పాఠం కట్టుకుంది. సముద్రం తగ్గడమంటే పిల్లలకి తెలియదు. కాలవ కట్టేయడమంటే ఉగ్గుపాలతో తెలుసు.

ఆ రోజు పొద్దున్నే క్లాసుని గట్టు మీదికి తీసుకెళ్లింది. తోడుగా నేను. ఇవతలి గట్టు ఆసియా. అవతలి గట్టు, ఆ కాలపు మనుషులు నేలదారిన చేరిన అమెరికా. పిల్లలు పుస్తకాల సంచులు మూటలుగా నెత్తిన పెట్టుకుని, గోనెలు తోళ్లుగా కప్పుకుని, గుంపులు గుంపులుగా దిగారు. ఆకలేస్తోంది, చలేస్తోంది, చంటిపిల్ల ఏడుస్తోంది, అలా నడవాలని ఆజ్ఞ. ఆ ఎండలో చలికి వణకడం చూడాల్సిందే. ముందు గుంపు అవతలి గట్టెక్కింది. అక్కడ బట్టలు ఆరేసుకుంటున్న ఒకాయన కేకలేశాడు.

"ఎవర్రా అది? బట్టలు తొక్కుతున్నారు!"

"మేం అమెరికా వచ్చామండీ!"

"మీ అమెరికా తగలెయ్య! పంచె మీంచి దిగరా ముందు!"

వెనక గుంపు కాలవ మధ్యలో ఉండగా ఒక గావుకేక వినిపించింది.

"కొరమీనురోయ్!"

అడుగున ఒక మడుగు మిగిలిపోయింది. అందులో చేపలు కొట్టుకుంటున్నాయి. అంతే, మంచుయుగం అక్కడితో సరి. మూటలు విసిరేశారు, గోనెలు వలలయ్యాయి. అమెరికాకి చేరినవాళ్లు కూడా వెనక్కి పరుగెత్తుకొచ్చి మడుగులో దూకారు. ఆడపిల్లలు ఓణీలు పట్టారు. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని బురదలోకి దిగి, "పాఠం! పాఠం!" అని అరుస్తోంది. ఎవరు వింటారు?

సరిగ్గా అప్పుడు గట్టు మీద గొడుగు కనబడింది. గొడుగు కింద తెల్లటి పంచె, లాల్చీ. ఈ అమ్మాయి ఉద్యోగం ఈ మడుగులోనే మునిగిందనుకున్నాను. ఆ రోజు కంచం దగ్గర నేనే పిలవకపోతే ఆయన వచ్చేవారు కాదు.

మావయ్యగారు వేలెత్తి మడుగు వైపు చూపించారు.

"ఇదేనామ్మా పాఠం?"

ఆమె చెంపకి బురద. కళ్లలో నీళ్లు. "ఇది కాదండి పెద్దయ్యగారూ," అంది. ఒకసారి పిల్లల వైపు తిరిగి చూసింది. ఇంకోసారి చూసింది. ఆమె ముఖం మారడం నేను చూశాను. "కాదు, ఇదేనండి. ఇదే పాఠం. నేను వీళ్లని అవతలి గట్టుకి నడవమన్నాను. ఆ మనుషులకి అలా చెప్పినవాళ్లెవరూ లేరండి. అమెరికా ఉందనే తెలియదు. తిండి ఎటుంటే అటు వెళ్లారు. అలా వెళ్తూ వెళ్తూ లోకమంతా నిండారు. నేను చెప్పింది తప్పు, వీళ్లు చేసిందే సరి."

ఆయన గొడుగు ముడిచారు. ఇక తిట్లే అనుకున్నాను. అడిగింది వేరు.

"నా ఉద్యోగమంతా లాకుల దగ్గరే గడిచింది. పైన తలుపులు దించితే ఇక్కడ అడుగు కనబడుతుంది. ఒకరు దించాలి, దించకపోతే ఆగవు నీళ్లు. మరి సముద్రానికి తలుపులెవరు దించారమ్మా?"

"మీకు తెలిసినాయనేనండి," అంది ఆమె.

సముద్రానికి తలుపులు పెట్టి, గడియ బిగించి, ఇంతవరకే రా, దాటకు అన్నవాడెవరో మా లేఖనాల్లో ఉంది. మా మావయ్యగారికి ప్రాణమైన మాట అది. లాకుల మనిషి గదా, కుటుంబ ప్రార్థనలో ఎన్నిసార్లు చదివేవారో. ఆయన చెప్పులు విడిచి గట్టు మీద పెట్టి, నెమ్మదిగా కాలవలోకి దిగారు. నేను చెయ్యి అందించబోతే విదిలించుకున్నారు. మధ్యదాకా వెళ్లి ఆగారు.

"ఆడవాళ్లు ఎలా దాటారంటావు? చంటిపిల్లలతో?"

"ఎత్తుకుని దాటుంటారండి."

"ఊఁ" అన్నారు. అవతలి గట్టు వైపు చూస్తూ అలా నిలబడిపోయారు. పిల్లలు కూడా చేపలు పట్టడం ఆపేశారు. కాసేపయ్యాక వెనక్కి తిరిగి, "అల్లుడూ, ఆ కొరమీను ఒకటి మీ అత్తయ్యకి పంపించు" అని గట్టెక్కి వెళ్లిపోయారు. ఆయన ఏ తీర్పుకొచ్చారో నాకు అర్థం కాలేదు. పులుసు వండారు. తిన్నారు. కమిటీ మాట ఎత్తలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి పక్క గదిలో కమిటీ కూర్చుంది. ఆమె బయట వరండాలో నిలబడి ఉంది. పిల్లల ఆదివారం నాటి జవాబుల మీద ఫిర్యాదు రాసి చదివింది మా కార్యదర్శిగారు. బందరులో ఒక ప్లీడరుగారి దగ్గర గుమస్తా ఆయన, గుళ్లో కూడా కోర్టులోలాగే మాట్లాడేవాడు. నన్ను నిలబెట్టాడు.

"మేష్టారూ, ఆమె చెప్పింది మన విశ్వాసానికి విరుద్ధమా, కాదా? అవును, కాదు. రెండిట్లో ఒకటి."

"ఆ పాఠం విన్నరోజు నేను మామూలుకంటే ఎక్కువసేపు ప్రార్థనలో ఉన్నానండి. అంతవరకే నేను చెప్పగలను."

"అది జవాబు కాదు."

"నా దగ్గరున్నది అదేనండి."

హెడ్మాస్టరుగారు నవ్వు దాచుకున్నారు. కార్యదర్శి కుర్చీ వైపు తిరిగాడు. "అధ్యక్షులవారు సెలవివ్వాలి."

మావయ్యగారు లేవలేదు. కూర్చునే, నేల చూస్తూ మాట్లాడారు. ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

"మాది మొవ్వ అవతల ఒక పల్లె. నేను చంకబిడ్డగా ఉన్నప్పుడు పనుల్లేక మావాళ్లు ఊరు విడిచారు. ఇక్కడ మిషనువాళ్లున్నారు, బతకొచ్చని ఎవరో చెప్పారట. దారిలో కాలవ. వంతెన ఊరి మధ్యలో ఉండేది. మూటలు నెత్తిన పెట్టుకుని ఆ వంతెన మీంచి, ఆ పెద్ద కులాల వీధిలోంచి మనవాళ్లు నడిచివెళ్లే రోజులు కావవి. మీలో పెద్దవాళ్లకి తెలుసు. అందుకని ఊరి బయట కాచుకున్నారు. కాలవ కట్టేసేదాకా. నీళ్లు తీశాక మా అమ్మ నన్నెత్తుకుని అడుగున బురదలో దాటింది. చచ్చేదాకా చెప్పేది ఆ మాట, కట్టేసేదాకా కాచుకున్నాంరా అని. నేను ఆ కాలవల ఉద్యోగమే చేశాను. ఎన్నిసార్లు కట్టించానో. ఒక్కసారి కూడా ఆ మాట గుర్తుకు తెచ్చుకోలేదు."



"ఇక్కడున్నవాళ్లలో ఎవరి తాత ఈ ఊళ్లో పుట్టాడో చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేచింది. మా కోశాధికారిది. లేచి, గాల్లో కాస్త ఆలోచించి, "కాదు లెండి, ఇది మా అమ్మమ్మగారి ఊరు. తాతది దివిసీమ" అని దిగిపోయింది.

"అందరం నడిచొచ్చినవాళ్లమే. వాక్యంలో మన పితరుడు కూడా దేవుడు పిలిస్తే ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండా ఇల్లు వదిలి బయలుదేరాడు. మనుషులు నడిచారని చెబితే ఆ అమ్మాయిని పంపించెయ్యాలా?"

కార్యదర్శి ఒప్పుకోలేదు. "ఆ నడక వేరు, ఈ నడక వేరండి. ఈమె అన్ని వేల ఏళ్లంటోంది. ఆ ఏళ్ల సంగతేమిటి?"

"ఏళ్ల లెక్క నాకూ మింగుడుపడలేదయ్యా. అది దేవుడి దగ్గర ఉంది, ఆయన చూసుకుంటాడు. నడక మాత్రం నిజం. మా అమ్మ కాళ్లకి అంటిన బురద నిజం."

అని లేచి, ఇంకెవరి మాటా వినకుండా తలుపు తీసుకుని వరండాలోకి వెళ్లారు. వెనకే నేను పరుగెత్తాను. ఆమె స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆయన్ని చూసి తలవంచుకుంది. అడగడానికి ధైర్యం లేదు.

"అమ్మాయ్," అన్నారు ఆయన. "ఆ మడుగు దగ్గర లాభం లేదు, పిల్లలు చేపల మీద పడతారు. మా అమ్మ నన్నెత్తుకుని దాటిన చోటు నాకు తెలుసు. వచ్చే ఏడు కాలవ కట్టేయగానే నేను చూపిస్తాను. పిల్లల్ని అక్కడ దాటించు."

వచ్చే ఏడు అన్న మాట ఆమెకి చేరడానికి క్షణం పట్టింది. చేరాక ఆ వరండా గచ్చు మీదే మోకాళ్లూనింది. లాకు సూపరింటెండెంటుగారు కూడా, పంచె నలుగుతుందని చూడకుండా, ఆమె పక్కన మోకాళ్లూనారు. నేనూ వంగాను.

నాతోటి ఉపాధ్యాయులారా, చిన్నవాళ్లారా, ఆ రోజు మేం ముగ్గురం చేసిన ప్రార్థన నాకు మాటమాటా గుర్తు లేదు. ఈ కాగితం పక్కన పెట్టి మీరూ నాతో ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి. ప్రభువా, ఈ రోజు ఏ దేశంలోనో, ఏ దారిలోనో బిడ్డను చంకనెత్తుకుని, తిండి ఎటుందో తెలియకుండా నడుస్తున్న తల్లిని చూడు. ఆమెకి వంతెన మీద దారి ఇవ్వని మనసుల్ని మార్చు. అవి మారేలోపు ఆమె ముందున్న నీళ్లు ఆపు. మేము అవతలి గట్టున ఉన్నవాళ్లమైతే చెయ్యి అందించే బుద్ధినివ్వు. ఆమేన్.